సి.ఆర్.పి. 46 వచ్చింది, నాన్నను ఆస్పత్రిలో చేర్చాలా?

మీరు రాసిన వివరాలు ఒకసారి సరిచూసుకుంటాను, పొరపాటుంటే చెప్పండి. మీ నాన్నగారికి 64 ఏళ్లు. పదేళ్లుగా షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటున్నారు. ఆయన తెనాలిలో, మీరు బెంగళూరులో. నాలుగు రోజులుగా జ్వరం, పొడి దగ్గు, ఒళ్లునొప్పులు. ముక్కులోంచి స్వాబ్ తీసి పరీక్ష చేస్తే ఇన్‌ఫ్లుయెంజా-ఎ అని తేలింది. నిన్న ఉదయం ల్యాబ్ కుర్రాడు ఇంటికొచ్చి 'ఫీవర్ ప్యాకేజీ' అంటూ రక్తం తీసుకెళ్లాడు, సాయంత్రానికి మీ ఫోనులో మూడు పేజీల రిపోర్టు పడింది. సి.ఆర్.పి. 46, ఇ.ఎస్.ఆర్. 52, ఫెర్రిటిన్ 580, డి-డైమర్ 780, ఎల్.డి.హెచ్. 265, ఐ.ఎల్-6 విలువ 38. ఆరింటికి ఆరూ ఎర్ర అక్షరాల్లోనే. అది చూసిన మందుల షాపు ఆయన 'ఇన్‌ఫెక్షన్ ఊపిరితిత్తుల్లోకి దిగింది, స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించండి, సి.టి. తీయించండి' అన్నారు. ఆక్సిజన్ మాత్రం 97 చూపిస్తోంది. నాన్నగారు లేచి తిరుగుతున్నారు, అన్నం సయించడం లేదు గానీ మజ్జిగ తాగుతున్నారు. ఆస్పత్రిలో చేర్చాలా, రేపు మళ్లీ ఇవే పరీక్షలు చేయించాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పి తర్వాత కారణాల్లోకి వెళ్తాను. మీరు రాసింది రాసినట్టే ఉంటే ఈ రాత్రి ఆస్పత్రి అక్కర్లేదు. స్టెరాయిడ్ వద్దు, సి.టి. వద్దు. అయితే ఈ రోజే ఒక ఫిజీషియన్‌కు చూపించి తీరాలి. సి.ఆర్.పి. పెరిగినందుకు కాదు, అరవై దాటి షుగరు కూడా ఉన్న మనిషికి ఫ్లూ వచ్చినందుకు. ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే మందుంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటే దాని ఫలితం ఎక్కువ. ఆ గడువు దాటినా ఇలాంటి వాళ్లకు ఇవ్వాలా అని డాక్టరు మనిషిని చూసి తేల్చుకుంటారు. ఆరు పరీక్షలకు డబ్బు కట్టించుకున్నారు, గడియారం చూసుకుని ఇవ్వాల్సిన ఆ ఒక్క మందు మాట నాలుగు రోజులుగా ఎవరూ ఎత్తలేదు. మీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించింది అదొక్కటే.

ఇక ఆ ఆరు అంకెలు. నేను ఇరవై రెండేళ్లుగా జనరల్ మెడిసిన్‌లో ఉన్నాను. మొదట్లో ఇలాంటి రిపోర్టులు వార్డులో మాత్రమే కనబడేవి. 2020 తర్వాత అవి వాట్సాప్‌లో తిరగడం మొదలైంది. సి.ఆర్.పి. అన్న మాట తెలియని ఇల్లు ఇప్పుడు లేదు, అది ఏమి చెబుతుందో తెలిసిన ఇళ్లు మాత్రం తక్కువ.

సి.ఆర్.పి. కాలేయంలో తయారయ్యే ఒక ప్రొటీను. వైరస్ గానీ బ్యాక్టీరియా గానీ ఒంట్లో దిగినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు, ఆపరేషన్ జరిగినప్పుడు కూడా, మన రక్షణ కణాలు ఐ.ఎల్-6 లాంటి రసాయనాలను వదులుతాయి. ఆ కబురు కాలేయానికి చేరగానే అది సి.ఆర్.పి.ని ఉత్పత్తి చేయడం మొదలుపెడుతుంది. అంటే మనం కొలుస్తున్నది వైరస్‌ను కాదు, ఊపిరితిత్తులను అసలే కాదు. ఊళ్లో గొడవ జరిగితే ఎన్ని పోలీసు జీపులు దిగాయో లెక్కపెట్టడం లాంటిది ఇది. జీపులు ఎక్కువుంటే గొడవ పెద్దదే అయివుండవచ్చు. గొడవ ఏ వీధిలోనో, ఎవరి ఇల్లు కూలిందో జీపులను లెక్కపెడితే తెలియదు.

దీని పుట్టుక కథ కొంచెం చెప్పాలి, నాకు ఇష్టమైనది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్ ఆస్పత్రిలో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు డాక్టర్లు నిమోనియా రోగుల రక్తరసాన్ని పరిశీలిస్తుంటే, న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా గోడలోని 'సి' పదార్థంతో కలిపినప్పుడు అది విరిగి మడ్డిగా పేరుకోవడం కనిపించింది. జబ్బు తగ్గుముఖం పట్టాక అదే రోగి రక్తంలో ఆ గుణం పోయింది. 'సి'తో చర్య జరిపే ప్రొటీను గనుక ఆ పేరు. ఇద్దరిలో ఫ్రాన్సిస్ ఆ తర్వాత ఫ్లూ పరిశోధనలోకి వెళ్లి 1940లో ఇన్‌ఫ్లుయెంజా-బి వైరస్‌ను కనుక్కున్నారు. మీ నాన్నగారి రిపోర్టులో సి.ఆర్.పి.కీ ఫ్లూకీ ఇలా పాత చుట్టరికం ఉంది. అప్పటికీ ఇప్పటికీ మారనిది ఆ పరీక్షలో ఒకటే: జబ్బు ఎక్కేటప్పుడు పైకి, దిగేటప్పుడు కిందికి. దాని విలువంతా ఆ ఎక్కిదిగడంలోనే ఉంది, ఒక్క రోజు అంకెలో చాలా తక్కువ.

ఇప్పుడు లెక్క చూడండి. ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్, అంటే రక్షణ కణాల స్పందన) అంటుకున్న ఆరు నుంచి ఎనిమిది గంటలకు గానీ రక్తంలో సి.ఆర్.పి. పెరగడం కనిపించదు. ఆ తర్వాత దాదాపు ఎనిమిది గంటలకొకసారి రెట్టింపవుతూ రెండో రోజుకు శిఖరానికి చేరుతుంది. రక్తంలో ఉన్నది సగానికి తగ్గడానికి సుమారు 19 గంటలు పడుతుంది, జబ్బు ఏదైనా ఆ 19 గంటలు మారవు. కాలేయం ఈ క్షణం ఉత్పత్తి పూర్తిగా ఆపేసిందనుకుంటే మీ నాన్నగారి 46 రేపీపాటికి 20 లోపు, ఎల్లుండికి పది లోపు కావాలి. నిజానికి ఉత్పత్తి ఒక్కసారిగా ఆగదు, మెల్లగా తగ్గుతుంది, కనుక అంకె ఇంకా మెల్లగా దిగుతుంది. అంటే నిన్న ఉదయం తీసిన రక్తంలోని 46 మొన్నటి కథ చెబుతోంది. మనిషి ఈ పూట ఎలా ఉన్నాడో ఆ మనిషినే చూసి చెప్పాలి.

మరి 46 ఎక్కువేనా? ల్యాబ్ గీసిన గీత 5 గనుక తొమ్మిది రెట్లని మీరు బెంబేలెత్తారు. ఆ గీత ఆరోగ్యవంతుల కోసం గీసింది. జ్వరంతో ఉన్న మనిషి సి.ఆర్.పి. ఐదు దాటకపోతేనే నేను ఆశ్చర్యపోతాను. మామూలు వైరస్ జ్వరాల్లో పదికీ నలభైకీ మధ్య ఉండటం రివాజు. ఫ్లూ, అడినోవైరస్ లాంటివి ఇంకా పైకి తీసుకెళ్లగలవు, బ్యాక్టీరియా జోక్యం ఏమీ లేకుండానే. వంద దాటితే బ్యాక్టీరియా ఉందేమోనని గట్టిగా అనుమానిస్తాం. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ 2014లో దగ్గు, ఆయాసంతో వచ్చి నిమోనియా అవునో కాదో తేలని వాళ్ల కోసం ఇలా చెప్పింది: 20 లోపుంటే యాంటీబయాటిక్ ఇవ్వకండి, 20 నుంచి 100 మధ్య ఉంటే చీటీ రాసిచ్చి తగ్గకపోతే వాడమనడం గురించి ఆలోచించండి, 100 దాటితే ఇవ్వండి. మీ నాన్నగారి అంకె ఆ మధ్య మడిలో పడింది. అక్కడ అంకె తీర్పు చెప్పదు, స్టెతస్కోపు చెబుతుంది.

కోవిడ్ కాలంలో ఈ అంకెలకు ఎంత బరువుందో కొందరు పనిగట్టుకుని తూచారు. 2020లో బ్రిటన్‌లో తయారైన 4-సి స్కోరు అనేదొకటి ఉంది. ఆస్పత్రిలో చేరిన కోవిడ్ రోగి ప్రాణాపాయాన్ని ఎనిమిది అంశాలతో లెక్కకడుతుంది, మొత్తం 21 పాయింట్లు. వయసొక్కటే ఏడు దాకా తెస్తుంది. సి.ఆర్.పి. ఎంత పెరిగినా తెచ్చేది రెండే: 50 నుంచి 99 దాకా ఒకటి, వంద దాటితే రెండు. ఊపిరి వేగం రెండు దాకా, ఆక్సిజన్ 92 లోపుంటే రెండు, స్పృహలో తేడా ఉంటే రెండు. ఆ స్కోరు ఫ్లూకు వర్తించదు, ఇంట్లో ఉన్నవాళ్లకూ కాదు. అయినా ఒక సరదా లెక్క: అందులో మీ నాన్నగారి వయసుకు నాలుగు, మగవాడైనందుకు ఒకటి, షుగరుకు ఒకటి పడతాయి. మీరు రాత్రంతా నిద్రపోకుండా చూసిన 46కి పడేది సున్నా.

మిగిలిన అయిదింటి గురించి అంత ఓపికగా చెప్పను, అవసరమూ లేదు. ఇ.ఎస్.ఆర్. నిదానపు ఎద్దు. పెరగడానికి రోజులు, దిగడానికి వారాలు. రక్తహీనత ఉన్నా పెరుగుతుంది, వయసుతోనూ పెరుగుతుంది. మగవాళ్లలో వయసులో సగం దాకా మామూలే అని పాత మొరటు లెక్క ఒకటుంది, అంటే ఆయనకు 32. నాలుగు రోజుల ఫ్లూలో దాన్ని ఎందుకు చేశారో నాకు అర్థం కాలేదు. ప్యాకేజీలో ఉంది గనుక చేశారు.

ఫెర్రిటిన్ ఇనుమును నిల్వచేసే ప్రొటీను, ఒంట్లో మంట ఉంటే అదీ పెరుగుతుంది. షుగరు, కాలేయంలో కొవ్వు ఉన్నవాళ్లలో జ్వరం లేనప్పుడు కూడా ఎక్కువగా ఉండటం సాధారణం. ఆయనకు ఆరు నెలల కిందట చేసినా ఐదొందలు ఉండేదేమో. దీనికి ఎదురు సంగతి మన ఇళ్లలో ఆడవాళ్లది. ఇనుము లోపం ఉన్న మనిషికి నిమోనియా వచ్చినా ఫెర్రిటిన్ 90 దగ్గరే ఆగి 'నార్మల్' అని నల్ల అక్షరాల్లో రావచ్చు. వానాకాలంలో మరో మెలిక ఉంది. డెంగీలో సి.ఆర్.పి. పెద్దగా కదలకపోయినా ఫెర్రిటిన్ వేలల్లోకి పోతుంది. ఒకే రిపోర్టులో ఒకటి కింద, ఒకటి పైన ఉంటే జ్వరం పేరు మరోసారి ఆలోచించాలి. మీకు స్వాబ్ ఉంది గనుక ఆ గొడవ లేదు.

ఎల్.డి.హెచ్. కణాలు చితికినప్పుడు బయటికొచ్చే ఎంజైము. ఊపిరితిత్తుల కణాలు చితికినా పెరుగుతుంది, సిరంజిలో ఎర్రకణాలు చితికినా పెరుగుతుంది. నరం దొరక్క రెండుసార్లు గుచ్చి, సిరంజి బలంగా లాగి, శాంపిల్‌ను ఎండలో మోటారు సైకిలు మీద మూడు వీధులు తిప్పితే 265 ఏమిటి, ఐదొందలైనా వస్తుంది. ఐ.ఎల్-6 అయితే గంటగంటకూ మారే సరుకు. ఇంట్లో ఉన్న రోగికి దాన్ని చేయించడం దండగ.

డి-డైమర్ సంగతి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లను ఎక్కువ భయపెట్టింది అదే. రక్తం గడ్డకట్టి కరిగినప్పుడు మిగిలే ముక్కలవి. 2020 మార్చిలో వూహాన్‌లోని రెండు ఆస్పత్రుల 191 మంది రోగుల వివరాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. వారిలో 54 మంది చనిపోయారు. చేరే రోజున డి-డైమర్ మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము దాటినవారికి చనిపోయే ముప్పు ఎక్కువని అందులో తేలింది. అక్కడి నుంచి ఆ ఒక్క మైక్రోగ్రాము ప్రపంచమంతా పాకింది. వాళ్లందరూ ఆస్పత్రిలో చేరాల్సివచ్చిన రోగులన్న సంగతి మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది. వయసు, గర్భం, జ్వరం, కాలి వాపు, చిన్న దెబ్బ, ఏదైనా సరే డి-డైమర్‌ను పెంచుతుంది. ఊపిరితిత్తిలో గడ్డ ఉందేమోనని అనుమానం వచ్చినప్పుడు, యాభై దాటినవారికి వయసును పదితో గుణించి ఆ అంకెను గీతగా పెట్టుకుంటాం, ఆయనకైతే 640. అది కూడా గడ్డ లేదని కొట్టిపారేయడానికే పనికొస్తుంది, ఉందని చెప్పడానికి కాదు. ఒక కాలు మాత్రమే వాచడం, ఊపిరి పీలిస్తే పోటు రావడం, ఉన్నట్టుండి ఆయాసం రావడం, వీటిలో ఏదైనా ఉంటే 780 గురించి మాట్లాడదాం. ఏదీ లేకపోతే రక్తం పలచబడే మందు ఎవరు రాసినా ఎందుకని అడగండి.

అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే కొలత కూడా చూడాలి. ఇది నా సొంత తప్పు గనుక గట్టిగా చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట ఒక చిన్న ఊరి నుంచి రాత్రి పదకొండుకు ఒకాయన్ని తీసుకొచ్చారు. చేతిరాత రిపోర్టులో సి.ఆర్.పి. 9.6 అని ఉంది. పెద్దగా లేదులే అనుకున్నాను. తెల్లవారి మా ల్యాబ్ విలువ 110 అని వచ్చింది. రాత్రికి రాత్రే అంత పెరిగిందా అని పాత కాగితం మళ్లీ తీస్తే, ఆ 9.6 డెసిలీటరుకు మిల్లీగ్రాములు. మనం రోజూ చూసే లీటరు లెక్కలో 96. అదృష్టం బాగుండి, ఆయాసం చూసి అప్పటికే యాంటీబయాటిక్ మొదలుపెట్టేశాను. డి-డైమర్‌తో ఇంకా చిక్కు. ఒకే రక్తాన్ని రెండు పద్ధతుల్లో కొలిస్తే ఒకటి రెండోదానికి సుమారు రెట్టింపు చూపిస్తుంది, పైగా కొందరు నానోగ్రాముల్లో, కొందరు మైక్రోగ్రాముల్లో రాస్తారు. 0.78, 780 ఒకటే కావచ్చు. అందుకే మళ్లీ చేయించాల్సివస్తే అదే ల్యాబులో చేయించండి. ఇంకొకటి, గుండె జబ్బు ముప్పు చూడటానికి చేసే హెచ్.ఎస్.-సి.ఆర్.పి. అని ఉంది. అందులో మూడు దాటితేనే ఎక్కువంటారు. జలుబు చేసిన వారం దాన్ని చేయించి గుండెపోటు వస్తుందని ఏడ్చినవాళ్లను చూశాను.

స్టెరాయిడ్ మాటకొద్దాం. మందుల షాపు ఆయన గాలిలోంచి చెప్పలేదు, 2021 నుంచి చెబుతున్నారు. దాని వెనక మంచి పరిశోధనే ఉంది, చదివింది సగమే. బ్రిటన్‌లో రోగుల మీద మందులను పోల్చి చూసిన రికవరీ అనే ట్రయల్ 2020 జూన్‌లో ఫలితం ప్రకటించింది. ఆస్పత్రిలో చేరిన కోవిడ్ రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పది రోజుల దాకా ఇస్తే, వెంటిలేటర్ మీద ఉన్నవారిలో 28 రోజుల్లో చనిపోయినవారు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గారు. ఆక్సిజన్ మీద ఉన్నవారిలో 26.2 నుంచి 23.3కు. ఆక్సిజన్ అవసరం లేనివారిలో? మందు వేసుకోనివారిలో 14 శాతం, వేసుకున్నవారిలో 17.8 శాతం. మేలు కనబడలేదు, కీడు కొట్టిపారేయలేం. గీత గీసింది ఆక్సిజన్ దగ్గర, సి.ఆర్.పి. దగ్గర కాదు.

సి.ఆర్.పి.ని నిజంగా తలుపు దగ్గర నిలబెట్టిన సందర్భం అదే రికవరీలో తర్వాత వచ్చింది, టోసిలిజుమాబ్ పరీక్షలో. ఐ.ఎల్-6ను అడ్డుకునే మందు అది. ఆక్సిజన్ తగ్గి ఉండాలి, దాంతోపాటు సి.ఆర్.పి. 75 లేదా అంతకు మించి ఉండాలి, అప్పుడే పరీక్షలోకి తీసుకున్నారు. 4,116 మందిలో మరణాలు 35 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. అక్కడ అంకె ఒక నిర్ణయాన్ని మార్చింది, అందుకు దానికి గౌరవం. మన దగ్గర ఆ 'దాంతోపాటు' ఎగిరిపోయి 75 మాత్రం మిగిలింది. 2021 వేసవిలో ఆ ఒక్క ఇంజక్షన్ కోసం జనం ఎంత పరుగులు తీశారో మీకూ గుర్తుండే ఉంటుంది.

అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా 2021 మే మొదటి వారంలోనే, స్వల్ప లక్షణాలున్నవాళ్లకు సి.టి.లు గానీ ఈ బయోమార్కర్లు గానీ అవసరం లేదని బహిరంగంగా చెప్పారు. ఎవరూ వినలేదు. మూడు వారాలు తిరక్కుండానే హైదరాబాదులో కోఠి ఈ.ఎన్.టి. ఆస్పత్రి నల్ల ఫంగస్ రోగులతో నిండిపోయింది. షుగరు ఉన్న ఒంటికి, అవసరం లేని స్టెరాయిడ్ తోడైతే ఆ బూజుకు పండగే. మీ నాన్నగారికి షుగరు ఉందని మరిచిపోకండి. పైగా ఇది కోవిడ్ కూడా కాదు. ఫ్లూకు స్టెరాయిడ్ ఇవ్వవద్దని, వేరే కారణం ఏదైనా ఉంటే తప్ప వద్దని మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేసుకున్నవారిలో మరణాలు ఎక్కువగా కనిపించిన పరిశీలనలు ఉన్నాయి.

ఇంజక్షన్ వేస్తే మర్నాడు జ్వరం దిగుతుంది, సి.ఆర్.పి. కూడా దిగుతుంది, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. థర్మామీటరును చన్నీళ్లలో ముంచి చూసుకుని సంతోషించినట్టే ఉంటుంది అది. స్టెరాయిడ్ కాలేయాన్ని నోరు మూయించింది, అంతే. టోసిలిజుమాబ్ అయితే మరీను: ఐ.ఎల్-6 కబురే అందదు గనుక లోపల బ్యాక్టీరియా పొంగుతున్నా సి.ఆర్.పి. బుద్ధిగా రెండు, మూడు దగ్గరే కూర్చుంటుంది. అదే సమయంలో స్టెరాయిడ్ తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్‌ను పెంచుతుంది, లింఫోసైట్లను తగ్గిస్తుంది. ఆ రెండింటి నిష్పత్తి చూసి 'ముదిరింది' అని ఇంకో డోసు వేసిన కేసులు నేను చూశాను. మీ నాన్నగారిది ఇప్పుడు నాలుగు ఉంది (రిపోర్టులోని న్యూట్రోఫిల్స్ 74 శాతం భాగించు లింఫోసైట్లు 18 శాతం). స్టెరాయిడ్ పడకముందు తీసిన రక్తం గనుక ఇది నమ్మదగ్గ నాలుగు. ఓ మోస్తరు ఎక్కువ, అంతకన్నా చెప్పడానికి లేదు.

ఇద్దరు మనుషులు నా మనసులో ఉండిపోయారు, ఇద్దరూ 2021 మేలో వచ్చినవాళ్లే. ఒకాయనకు ముప్పై నాలుగేళ్లు, సి.ఆర్.పి. 112. ఓపీలో కుర్చీలో కూర్చుని ఇడ్లీ తింటున్నాడు, ఆక్సిజన్ 98. బెడ్ కోసం బంధువులు మా మీద కేకలేస్తున్నారు. ఇంటికి పంపాం, వారంలో తేరుకున్నాడు. రెండో ఆయనకు యాభై రెండు. ముందురోజు సి.ఆర్.పి. 18. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 94. 'రిపోర్టు బాగానే ఉంది కదా సార్, తీసుకెళ్తాం' అంటోంది కుటుంబం. వరండాలో ఆరు నిమిషాలు నడవమన్నాను. నాలుగో నిమిషంలో ఆగి గోడ పట్టుకున్నాడు. మీటరు 87. ఆయన జబ్బు రోజు ఎనిమిది. కోవిడ్‌లో రెండో వారం మొదట్లో తిరగబడటం మాకు తెలిసిన బాటే, 18 మాత్రం అంతకు ముందే తీసిన రక్తానిది. ఆయన పద్దెనిమిది రోజులు మా దగ్గర ఉండి వెళ్లారు.

అయితే ఈ అంకె ఎప్పుడూ పనికిరాదా అంటే, పనికొచ్చే చోటు ఒకటి ఉంది, అది మీ నాన్నగారికి వర్తించవచ్చు. ఫ్లూ తగ్గి, ఒకటి రెండు రోజులు జ్వరం లేకుండా మనిషి లేచి కూర్చుని, ఆపైన ఐదో రోజో ఏడో రోజో మళ్లీ చలి జ్వరం, పసుపుపచ్చ కఫం, పక్కలో పోటు మొదలైతే, వైరస్ దెబ్బతీసిన దారిలో బ్యాక్టీరియా దూరిందన్నమాట. న్యుమోకాకస్, స్టెఫైలోకాకస్ ఇందులో ఆరితేరినవి. 1918 ఫ్లూలో చనిపోయినవారిలో ఎక్కువమందిని చివరికి తీసుకెళ్లింది ఈ రెండో దెబ్బే. అప్పుడు సి.ఆర్.పి. 46 నుంచి 20కి దిగి, మళ్లీ 150కి ఎక్కితే ఆ వంపు నాకు చాలా చెబుతుంది. ప్రొకాల్సిటోనిన్ అనే మరో పరీక్షా అక్కడే కొంత సాయం చేస్తుంది. వైరస్ జబ్బులో విడుదలయ్యే ఇంటర్‌ఫెరాన్ దాన్ని అణచి ఉంచుతుంది, బ్యాక్టీరియా అయితే ఎగదోస్తుంది. అదీ తప్పులు చేస్తుంది, ఖరీదు ఎక్కువ. ముందే చేయించి పెట్టుకోకండి.

కనుక రేపు పరీక్షలేవీ వద్దు. జ్వరం తగ్గుతూ వస్తే అసలే వద్దు. ఏడో రోజుకూ జ్వరం వదలకపోయినా, వదిలి మళ్లీ వచ్చినా సి.ఆర్.పి., రక్తకణాల లెక్క, ఛాతీ ఎక్స్-రే, ఇవి మూడు చాలు. ఏవి చేయాలో అప్పుడు చూసే డాక్టరుకు వదిలేయండి.

దీని బదులు ఇంట్లో చేయాల్సినవి చెబుతాను. ఆక్సిజన్ రోజుకు మూడుసార్లు చూడండి. చేతులు వెచ్చగా ఉండాలి, గోళ్లకు గోరింటాకు గానీ రంగు గానీ ఉండకూడదు, అంకె నిలబడేదాకా అర నిమిషమైనా ఆగాలి. ముదురు చర్మం ఉన్నవారిలో ఆ మీటరు ఉన్నదాని కన్నా కాస్త ఎక్కువ చూపిస్తుందని 2020 డిసెంబరులో అమెరికా నుంచి వచ్చిన ఒక పరిశీలన తేల్చింది, కనుక 94ను కూడా నేను 'బాగుంది' అనను. సాయంత్రం ఒకసారి ఆరు నిమిషాలు వరండాలో నడిపించి చూడండి, తోడుగా మనిషి ఉండాలి. మూడు నాలుగు పాయింట్లు పడిపోయినా, ఆయాసం వచ్చినా అక్కడే ఆపి ఆస్పత్రికి తీసుకెళ్లండి. కూర్చున్నప్పుడే 93 లేదా అంతకన్నా తక్కువ, మాట తడబడటం, మగతగా పడివుండటం, పెదాలు నీలమవడం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటికీ అంతే. రాత్రి రెండైనా సరే, రిపోర్టు నల్ల అక్షరాల్లో ఉన్నా సరే. షుగరు రోజుకు రెండుసార్లు చూడండి. అన్నం తినకుండా మాత్రలు వేసుకుంటున్నారు గనుక పడిపోయే భయమూ ఉంది, ఏ మాత్ర ఆపాలో ఈ రోజు చూసే డాక్టరునే అడగండి.

చివరిది ఊపిరి లెక్క. దీనికి పైసా ఖర్చు లేదు, అందుకే కాబోలు ఏ ప్యాకేజీలోనూ ఉండదు. మీ అమ్మగారికి ఫోను చేయండి. నాన్నగారు పడుకుని ఉన్నప్పుడు, లెక్కపెడుతున్నామని ఆయనకు చెప్పకుండా, నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని కూర్చోమనండి. తెలిస్తే మనిషి ఊపిరి మార్చేస్తాడు. గోడ గడియారం వైపు చూస్తూ పొట్ట ఎన్నిసార్లు లేచిందో నిండు నిమిషం లెక్కపెట్టాలి, పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం వద్దు. ఇరవై లోపుంటే రాత్రికి నిద్రపోండి. ఇరవై నాలుగు దాటితే అరగంట ఆగి మళ్లీ లెక్కపెట్టమనండి, అప్పుడూ అంతే ఉంటే బండి మాట్లాడండి. రెండింటి మధ్య ఉంటే ఆ అంకె, లెక్కపెట్టిన సమయం ఇక్కడే రాయండి, పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.